పిల్లలతో మోడల్ రాకెట్ ఎగరేయాలి, నార్తర్న్ వర్జీనియాలో చట్టప్రకారం ఎక్కడ కుదురుతుంది?

ఆష్‌బర్న్_నాన్న:

అందరికీ నమస్కారం. మేం ఉండేది ఆష్‌బర్న్‌లో. పాప ఏడో తరగతి, బాబు రెండో తరగతి. బాబు పుట్టినరోజుకి మా తోడల్లుడు ఎస్టిస్ కంపెనీ ఆల్ఫా 3 మోడల్ రాకెట్ లాంచ్ సెట్ తెచ్చాడు, ఇంజిన్ల ప్యాకెట్ కూడా వేరేగా కొనిచ్చాడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ కూర్చుని రాకెట్ కట్టేసి, స్టిక్కర్లు వేసి టీవీ పక్కన నిలబెట్టారు. అప్పట్నుంచీ స్కూల్ బస్సు దిగగానే ఒకటే పాట, "నాన్నా ఇవాళ ఎగరేద్దామా".

చిక్కు ఏంటంటే ఎక్కడ ఎగరేయాలో తెలియట్లేదు. హెచ్‌ఓఏ (మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళని కామన్ ఏరియా పచ్చికలో ఎగరేసుకోవచ్చా అని మెయిల్ పెడితే ఒక్క ముక్కలో కుదరదన్నారు, కారణం చెప్పలేదు. పార్కుకి ఫోన్ చేస్తే ఒకావిడ "డ్రోనా" అంది, కాదండీ రాకెట్ అంటే ఇంకా కంగారుపడింది. స్కూల్ గ్రౌండ్ గురించి ఎవర్ని అడగాలో కూడా తెలియదు. ఆఫీసులో ఒకతనేమో ఆదివారం పొద్దున్నే ఏడింటికి వెళ్ళి ఎగరేసి వచ్చేయ్, ఎవరు చూస్తారు అంటాడు. మా గ్రీన్‌కార్డ్ ఫైల్ నడుస్తోంది, పిల్లల ముందు పోలీసు వచ్చి పేరు రాసుకునే పరిస్థితి నాకొద్దు. పైగా డల్లెస్ ఎయిర్‌పోర్ట్ విమానాలు మా నెత్తి మీదుగానే దిగుతుంటాయి. ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన శాఖ) పర్మిషన్ లాంటిది ఏమైనా కావాలా? ఈ చుట్టుపక్కల ఎవరైనా ఎగరేస్తున్నారా? ఎక్కడ? వివరంగా చెప్పగలరు.

---

రాకెట్_బాబాయ్:

తమ్ముడూ, నువ్వు అడిగినదాంట్లో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయాయి, విడదీసి చూస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

ముందు ఎఫ్ఏఏ. మొత్తం బరువు 1,500 గ్రాములు దాటకూడదు, అందులో మందు, అంటే ఇంజిన్‌లో కాలే ఇంధనం, 125 గ్రాములు మించకూడదు, ఆ మందు నెమ్మదిగా కాలేది అయ్యుండాలి, ఒళ్ళు కాగితంతోనో చెక్కతోనో విరిగిపోయే ప్లాస్టిక్‌తోనో చేసుండాలి, చెప్పుకోదగ్గ లోహపు భాగాలు ఉండకూడదు. ఇవన్నీ సరిపోతే వాళ్ళ నిబంధనల్లో పార్ట్ 101 ప్రకారం అది క్లాస్ 1 రాకెట్. దానికి ముందస్తు అనుమతి, నోటీసు ఏవీ అక్కర్లేదు. మీ ఆల్ఫా ఈ లెక్కలో ఎక్కడో అడుగున ఉంటుంది, సి రకం ఇంజిన్ పెట్టినా మందు పది పన్నెండు గ్రాములే. అయితే మనుషులకి, ఆస్తులకి, విమానాలకి ప్రమాదం తెచ్చేలా ఎగరేయకూడదన్న నియమం క్లాస్ 1కీ ఉంది. సి ఇంజిన్‌తో ఆల్ఫా వెయ్యి అడుగులు దాటిపోతుంది. విమానాలు దిగే దారి కింద నిలబడి అది వదలడం ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించుకో. విమానం చప్పుడు వినిపిస్తే కౌంట్‌డౌన్ ఆపేయడం ఎక్కడైనా మామూలే.

రెండోది మన ప్రాంతానికి మాత్రమే ఉన్న తలనొప్పి. వాషింగ్టన్ రీగన్ ఎయిర్‌పోర్ట్ చుట్టూ 13 నుంచి 15 నాటికల్ మైళ్ళ మేర ఫ్లైట్ రిస్ట్రిక్టెడ్ జోన్ అని ఒకటుంది, ఎఫ్ఆర్‌జెడ్ అంటారు. నిబంధన 93.341 చదివితే అందులో పార్ట్ 101 పేరు స్పష్టంగా ఉంటుంది, అంటే డ్రోన్లకే కాదు, మన రాకెట్లకీ లోపల ప్రత్యేక అనుమతి లేకుండా ప్రవేశం లేదు. వియన్నా, ఫాల్స్ చర్చ్, ఫెయిర్‌ఫాక్స్ సిటీ ఇవన్నీ ఆ గీత లోపలే. ఆష్‌బర్న్ బయటే ఉంది, నీ అదృష్టం. దాని చుట్టూ 30 నాటికల్ మైళ్ళ ఇంకో పెద్ద వలయం ఉంది కానీ అది విమానాలు నడిపేవాళ్ళ గొడవ. దేశంలో ఇంకెక్కడో ఉండేవాళ్ళు యూట్యూబ్‌లో "చిన్న రాకెట్‌కి పర్మిషన్ అక్కర్లేదు" అని చెప్పేది విని ఫెయిర్‌ఫాక్స్‌లో ఎగరేస్తే అందుకే ఇరుక్కుంటారు.

మూడోది నేల. నూటికి తొంభై మంది ఆగిపోయేది ఇక్కడే. ఎఫ్ఏఏ వద్దనలేదంటే పార్కు వాళ్ళు సరే అన్నట్టు కాదు. నేల ఎవరిదో వాళ్ళ అనుమతి కావాల్సిందే, కౌంటీ పార్కు అయితే పార్కుల శాఖ, స్కూలైతే స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసు, కామన్ ఏరియా అయితే హెచ్‌ఓఏ. చాలా పార్కుల నియమాల్లో రాకెట్ అన్న మాట నేరుగానే ఉంటుంది, "రాతపూర్వక అనుమతి ఉంటే తప్ప" అని పక్కనే ఉంటుంది. కాబట్టి ఫోన్ మానేసి మెయిల్ పెట్టు. ఏ తేదీ, ఏ గ్రౌండ్, ఎంతమంది పిల్లలు, పక్కన ఏ పెద్దవాళ్ళు ఉంటారు, ఏ క్లాస్ ఇంజిన్, ఎన్ఎఫ్‌పీఏ 1122 అనే మోడల్ రాకెట్ల భద్రతా నియమావళి పాటిస్తాం, అన్నీ రాయి. ఫోనెత్తినావిడకి రాకెట్ అంటే టీవీలో చూసేదే గుర్తొస్తుంది, ఆవిణ్ణి అనుకుని లాభం లేదు. అదే చేత్తో కౌంటీ ఫైర్ మార్షల్ ఆఫీసుకీ ఒక మెయిల్ పడెయ్. ఎండలు ముదిరి గడ్డి ఎండిన రోజుల్లో మంటలు పెట్టకూడదని ఆంక్షలుంటే వాళ్ళే చెబుతారు.

కానీ నన్నడిగితే ఇదంతా రెండో రాకెట్‌కి చేద్దువుగాని. మొదటిది క్లబ్‌లో ఎగరెయ్.

---

హెర్న్‌డన్_లక్ష్మి:

బాబాయ్ గారు చివర్లో అన్నమాటే నేనూ చెబుదామని వచ్చాను. ద ప్లెయిన్స్ అనే ఊళ్ళో గ్రేట్ మెడో అని పెద్ద మైదానం ఉంది, గుర్రప్పందేలు జరుగుతాయి అక్కడ, వర్జీనియా గోల్డ్ కప్ అదే. నోవార్ అనే క్లబ్ వాళ్ళు అక్కడే రాకెట్లు ఎగరేస్తారు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ (ఎన్ఏఆర్) కింద ఉన్న క్లబ్ అది. స్థలం వాళ్ళతో మాట్లాడటం, ఇన్సూరెన్స్, సేఫ్టీ చూసుకోవడం అన్నీ క్లబ్ నెత్తిన ఉంటాయి, మనం రాకెట్ పట్టుకుని పోతే చాలు. కాకపోతే తేదీలు గుర్రాల ఈవెంట్లని బట్టి, గాలిని బట్టి మారుతుంటాయి, ముందురోజు రాత్రి వాళ్ళ సైట్ చూడకుండా బయల్దేరకండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అక్కడి పద్ధతి చెబుతాను, తెలిస్తే పిల్లలు బెరుకు పడరు. ఒక చిన్న కార్డు ఇస్తారు, రాకెట్ పేరు, ఇంజిన్ ఏంటి, ఎగరేసేది ఎవరు అని రాయాలి. అది పట్టుకుని సేఫ్టీ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళాలి. ఆయన రాకెట్ చేతిలోకి తీసుకుని ఫిన్లు (తోక రెక్కలు) ఒక్కొక్కటీ వేలితో కదిపి చూస్తాడు, ముక్కు లాగి చూస్తాడు మరీ బిగుసుకుపోయిందా వదులుగా ఉందా అని, లాంచ్ లగ్ (రాడ్‌కి ఎక్కించే చిన్న గొట్టం) ఊడదు కదా అని చూస్తాడు. మా వాడిదైతే తోక వైపు నుంచి చూసి "నీ ఇంజిన్ హుక్ సరిగ్గా కూర్చోలేదు బాబూ" అని వాడి చేతే సరిచేయించాడు. మా వాడు ఇంట్లో మేం చెబితే వినే రకం కాదు, అక్కడ మాత్రం చేతులు కట్టుకుని విన్నాడు. తర్వాత ప్యాడ్ నంబర్ ఇస్తారు, వెళ్ళి రాడ్‌కి ఎక్కించి, ఇగ్నైటర్ (ఇంజిన్ని వెలిగించేది) తీగలకి క్లిప్పులు తగిలించి వెనక్కి వచ్చేయాలి. మైకులో రాకెట్ పేరు, పిల్లాడి పేరు చదివి ఐదు నుంచి లెక్కపెడతారు. ప్యాడ్‌లు, కంట్రోలర్ క్లబ్‌వే కాబట్టి మీ సెట్‌లోవి కారులోనే ఉంచేయొచ్చు.

ఇక ఆడవాళ్ళ మాట, నీడ అనేది ఉండదు అక్కడ. టోపీలు, నీళ్ళు, మడత కుర్చీలు, పులిహోర డబ్బా. పిల్లలకి నిండు ప్యాంట్లే వేయండి, రాకెట్ కోసం ఎత్తు గడ్డిలో పరిగెడతారు, టిక్స్ (రక్తం పీల్చే పురుగులు) బెడద మన దగ్గర ఎంతో తెలుసుగా, ఇంటికొచ్చాక చెవుల వెనక, మోకాళ్ళ వెనక చూడండి.

పాప ఏడో తరగతి అన్నారు కాబట్టి ఇంకో సంగతి. అమెరికన్ రాకెట్రీ చాలెంజ్ అని 6 నుంచి 12 తరగతుల పిల్లలకి పోటీ ఉంది, పచ్చి గుడ్లు రాకెట్‌లో పెట్టి పగలకుండా దించాలి, చెప్పిన ఎత్తుకి చెప్పిన సమయంలో. ఫైనల్స్ మేలో ఇదే గ్రేట్ మెడోలో జరుగుతాయి. చూడ్డానికైనా తీసుకెళ్ళండి, ఆ తర్వాత పాప మిమ్మల్ని వదలదు.

---

సూటిగా_సుబ్బు:

ఏంటండీ ఈ హడావుడి, అరచేతి పొడుగు బొమ్మకి. మేం టెక్సాస్‌లో మా ఇంటి వెనక ఖాళీ జాగాలో ఎప్పట్నుంచో ఎగరేస్తున్నాం, పురుగు కూడా అడగలేదు. అడిగితే కదా కాదంటారు.

---

రాకెట్_బాబాయ్:

సుబ్బూ, ఎవరూ అడగకపోవడం అనుమతి అవదు. ఆ ఖాళీ జాగాకి ఓనర్ ఉంటాడు, అది ఎండుగడ్డి అయ్యి అంటుకుంటే అప్పుడు అడుగుతాడు. ఇక్కడ పైగా కౌంటీకో రూలు, పైన ఎఫ్ఆర్‌జెడ్. అతనికి ఫైల్ నడుస్తోంది అంటున్నాడు కూడా, ఎందుకయ్యా రెచ్చగొడతావు.

---

ఆష్‌బర్న్_నాన్న:

బాబాయ్ గారూ, లక్ష్మి గారూ చాలా థాంక్స్. ఎఫ్ఆర్‌జెడ్ గురించి అసలు వినలేదు నేను. గ్రేట్ మెడో మాకు గంట లోపే, తప్పకుండా వెళ్తాం. ఇంకో రెండు అనుమానాలు. మా తోడల్లుడు ఇచ్చిన ప్యాకెట్లో ఏ8-3, బి6-4, సి6-5 మూడు రకాలున్నాయి, ఏది వాడాలి? రెండోది, హెచ్‌ఓఏ వాళ్ళ సంగతి వదలబుద్ధి కావట్లేదు, మా కమ్యూనిటీలో సాకర్ గ్రౌండ్ అంత పచ్చిక ఖాళీగా పడుంటుంది, మళ్ళీ అడిగితే ఒప్పుకునే మార్గం ఉందా?

---

డెల్టా_వీ:

ఇంజిన్ల సంగతి నేను చెబుతా. అక్షరం మొత్తం బలం, ఒక్కో అక్షరానికీ పైహద్దు రెట్టింపవుతుంది. 'ఏ' అంటే 2.5 న్యూటన్ సెకన్ల దాకా, బి 5 దాకా, సి 10 దాకా. పక్కన అంకె సగటు తోపు న్యూటన్లలో, గీత తర్వాతది మందు కాలిపోయాక పారాచూట్ ఛార్జ్ పేలే ముందు ఎన్ని సెకన్లు ఆగుతుందో అది.

మీ రెండో ప్రశ్నకి జవాబు కూడా ఇందులోనే ఉంది. ఎన్ఏఆర్ సేఫ్టీ కోడ్‌లో మైదానం ఎంతుండాలో ఇంజిన్ని బట్టే రాసుంది. 'ఏ' అయితే మైదానం పొట్టి వైపు కనీసం 100 అడుగులు, బి అయితే 200, సి అయితే 400, డి అయితే 500. సాకర్ గ్రౌండ్ వెడల్పు ఇంచుమించు 200 అడుగులే, కాబట్టి బి అంచున సరిపోతుంది, సి కుదరదు. చుట్టూ ఇళ్ళుంటే నేనైతే 'ఏ' దాటను. ఏ8-3తో ఎగిరితే పైదాకా కంటికి కనిపిస్తూనే ఉంటుంది, మీ బాబు వయసుకి అదే బాగుంటుంది. సి పెడితే పొగ గీత చూసి "ఏదీ ఏదీ" అనుకోవడమే, తర్వాత ఎవరి చెట్టు మీదో వెతుక్కోవడం.

హెచ్‌ఓఏ భయం సాధారణంగా మంట గురించి కాదు, కేసు గురించి. ఎవరి కారు అద్దమో పగిలితే డబ్బు ఎవరు కట్టాలి అన్నది వాళ్ళ లెక్క. ఎన్ఏఆర్ సభ్యత్వం తీసుకుంటే సేఫ్టీ కోడ్ ప్రకారం ఎగరేసినంతవరకు మీకు లయబిలిటీ ఇన్సూరెన్స్ వస్తుంది, స్థలం ఓనర్‌కి కవరేజ్ కావాలంటే మాత్రం క్లబ్ ద్వారా వెళ్ళాలి. ఆ కాగితం, సేఫ్టీ కోడ్ ఒక పేజీ, గ్రౌండ్ కొలతలు, 'ఏ' రకం ఇంజిన్ మాత్రమే వాడతాం అన్న హామీ, ఈ నాలుగూ పట్టుకుని బోర్డు మీటింగ్‌కి మనిషే వెళ్ళాలి. మెయిల్‌కి కాదనడం సులువు, రాకెట్ పట్టుకుని వచ్చిన పిల్లాడికి కాదనడం కొంచెం కష్టం.

రాకెట్ గాలికి కొట్టుకుపోవడం తగ్గాలంటే పారాచూట్ నడిమధ్య రూపాయి బిళ్ళంత రంధ్రం కత్తిరించండి, తొందరగా దిగుతుంది. గాలి గంటకి 20 మైళ్ళు దాటితే సేఫ్టీ కోడే వద్దంటుంది, చిన్న గ్రౌండ్ అయితే పది దాటినా వద్దు.

---

సూళ్ళూరుపేట_రవి:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నేను ఇండియా నుంచి. మా అన్నయ్య వాళ్ళు న్యూజెర్సీలో ఉంటారు, సంక్రాంతికి వస్తున్నారు. ఈ ఇంజిన్లు రెండు ప్యాకెట్లు తెమ్మందామా అనుకుంటున్నా, మా పిల్లల కోసం. కుదురుతుందా?

---

రాకెట్_బాబాయ్:

కుదరదు రవీ, ఆ ఆలోచనే పెట్టుకోకు. రాకెట్ ఇంజిన్లు చేతి బ్యాగులోనూ చెక్-ఇన్‌లోనూ రెంటిలోనూ నిషేధం, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే మీ అన్నయ్య పండక్కి రావడం సంగతి దేవుడెరుగు. ఇండియాలో దిగాక కూడా అది పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తుంది, 2008 నాటి ఎక్స్‌ప్లోజివ్స్ రూల్స్, నాగపూర్‌లో పెసో అని ఆఫీసు, లైసెన్సుల వ్యవహారం. ఖాళీ రాకెట్ కిట్ అయితే తెచ్చుకోవచ్చు, అది కాగితమూ ప్లాస్టిక్కే. ఇంట్లో మందు కలిపి ఇంజిన్ తయారుచేయడం మాత్రం ఎవరు చెప్పినా వినకు.

పిల్లలకి నీళ్ళ రాకెట్ చేసివ్వు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా, మూడో వంతు నీళ్ళు, బిరడాలో ట్యూబు వాల్వు, సైకిల్ పంపు. మంట లేదు, లైసెన్సు లేదు. కాకపోతే గాలి కొట్టేటప్పుడు సీసా మీదకి ఎవరూ వంగకూడదు, గాజు సీసా జోలికి అసలు పోకూడదు. అయినా సూళ్ళూరుపేటలో ఉండి నువ్వు మమ్మల్ని అడగడం ఏంటయ్యా, మేం డబ్బులు పెట్టుకుని కేప్ కెనావరల్ దాకా పోయి చూసే రాకెట్ ప్రయోగం నీకు డాబా మీంచి కనిపిస్తుంది.

---

సూళ్ళూరుపేట_రవి:

హహ, నిజమే. శ్రీహరికోట షార్ గ్యాలరీకి కూడా తీసుకెళ్ళాను పిల్లల్ని, 2019 నుంచి జనాన్ని రానిస్తున్నారు, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. కానీ వాళ్ళకి చూడ్డం కాదు, బటన్ నొక్కాలి. సీసా సంగతి చూస్తాను.

---

డెల్టా_వీ:

హెచ్‌ఓఏ గురించి బాధపడుతున్న నాన్న గారికి ఒక ఊరట. ద్రవ ఇంధనంతో మొట్టమొదటి రాకెట్ ఎగరేసిన రాబర్ట్ గొడార్డ్‌కి కూడా సరిగ్గా ఇదే కష్టం వచ్చింది. 1926 మార్చి 16న మసాచుసెట్స్‌లో ఆబర్న్ అనే ఊళ్ళో బంధువుల పొలంలో ఎగరేశాడు, రెండున్నర సెకన్లు, 41 అడుగుల ఎత్తు, క్యాబేజీ తోటలో పడింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 1929 జులైలో ఇంకాస్త పెద్దది వదిలితే ఆ మోతకి విమానం కూలిందనుకుని పోలీసులు, అంబులెన్సులు వచ్చాయి, రాష్ట్ర ఫైర్ మార్షల్ ఇక్కడ ఇంకెప్పుడూ చేయొద్దన్నాడు. కొన్నాళ్ళు సైన్యం స్థలంలో చేసుకుని 1930లో న్యూమెక్సికోలో రాజ్‌వెల్ ఎడారికి సామాను సర్దుకున్నాడు.

ఆయన పేరు మీదున్న నాసా గొడార్డ్ సెంటర్ మేరీల్యాండ్ గ్రీన్‌బెల్ట్‌లో ఉంది. అక్కడి విజిటర్ సెంటర్‌లో నెలలో మొదటి ఆదివారం పిల్లల చేత మోడల్ రాకెట్లు ఎగరేయించడం ఏళ్ళ తరబడి ఆనవాయితీగా ఉండేది, నార్‌హామ్స్ అనే పాత క్లబ్ వాళ్ళు చూసుకునేవారు. ఇప్పుడు జరుగుతోందో లేదో వాళ్ళ సైట్‌లో చూసుకుని వెళ్ళండి. గ్రీన్‌బెల్ట్ ఎఫ్ఆర్‌జెడ్ లోపలే, అక్కడ జరిగేది నాసా ప్రాంగణంలో జరిగే కార్యక్రమం. అది చూసొచ్చి పక్క పార్కులో మనం సొంతంగా మొదలుపెట్టకూడదు.

---

ఆష్‌బర్న్_నాన్న:

క్యాబేజీ తోట కథ మా పాపకి చదివి వినిపించాను, హెచ్‌ఓఏ మీటింగ్‌లో ఇదే చెబుతానంటోంది. ముందు గ్రేట్ మెడో, తర్వాత బోర్డు మీటింగ్ అని ఇంట్లో తీర్మానం అయిపోయింది. సేఫ్టీ కోడ్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించాను. ఇంటి దగ్గరే సర్దుకోవాల్సినవి ఏమైనా ఉంటే చెప్పండి.

---

హెర్న్‌డన్_లక్ష్మి:

పారాచూట్ రోజుల తరబడి మడతపెట్టి ఉంచితే అతుక్కుపోయి తెరుచుకోదు, బయల్దేరే పొద్దున విప్పి, పాండ్స్ పౌడర్ కొంచెం చల్లి మళ్ళీ మడవండి. ఇంజిన్‌కీ పారాచూట్‌కీ మధ్య వాడింగ్ కాగితాలు (మంట అంటుకోని ప్రత్యేక కాగితాలు) మూడు నాలుగు, నలిపి వదులుగా వేయాలి, టిష్యూ పేపర్ పెట్టకండి, అంటుకుంటుంది. ఇగ్నైటర్లు ప్యాకెట్లో ఉన్నవాటికంటే కొన్ని ఎక్కువ కొనుక్కోండి, పిల్లలు క్లిప్ తగిలించేటప్పుడు లాగేస్తారు, మొన అంతా మందు దగ్గర దాకా వెళ్ళకపోతే వెలగదు. ఎప్పుడైనా సొంతంగా ఎగరేస్తే, వెలగలేదు కదా అని బాబుని ప్యాడ్ దగ్గరికి పరిగెత్తనివ్వకండి, కంట్రోలర్ తాళం తీసేసి ఒక నిమిషం ఆగాలి. వచ్చే నెల మేమూ వెళ్దామనుకుంటున్నాం, తేదీ పడగానే ఇక్కడే రాస్తాను, ఆష్‌బర్న్ నుంచి ఇంకెవరైనా వస్తానంటే కార్లు కలుపుకుందాం.